బొగ్గు యూనిట్లను 40 శాతానికి దించాలా, ఆ డబ్బు కరెంటు నిల్వకు పెట్టాలా?

గ్రిడ్_లెక్క:
మధ్యాహ్నం సోలార్ పోటెత్తినా బొగ్గుతో కరెంటు చేసే యూనిట్లు తమ సామర్థ్యంలో 55 శాతం కిందికి దిగవు. అందుకే సోలార్‌ను ఆపాల్సి వస్తోంది. యూనిట్లు దశలవారీగా 40 శాతానికి దిగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లోనే నిబంధన పెట్టింది. 500 మెగావాట్ల యూనిట్ 275 దగ్గర ఆగకుండా 200కి దిగితే 75 మెగావాట్ల సోలార్‌కు చోటు దొరుకుతుంది. కొత్త లైను అక్కర్లేదు, భూమీ అక్కర్లేదు. ఇంతకంటే చవకైన దారి ఉంటే చెప్పండి.

టర్బైన్_హాల్:
కాగితం మీద చవకే. మన బొగ్గులో బూడిద 35-40 శాతం. 200 మెగావాట్ల దగ్గర బొగ్గు పొడిచేసే మిల్లులు మూడే తిరుగుతాయి, బాయిలర్‌కు వెళ్లే బొగ్గు పొడి పలచబడుతుంది, మంట ఊగుతుంది. మంటను కనిపెట్టే స్కానర్‌కు అది కనిపించకపోతే బాయిలర్ ట్రిప్, అంటే దానంతటదే ఆగిపోతుంది. ఆ భయంతో మంట నిలబెట్టడానికి ఆయిల్ చిమ్మే గన్‌లు పెడతారు. సగం కాలిన ఆయిల్, బొగ్గు పొడి బాయిలర్‌కు వెళ్లే గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్ బాస్కెట్లలో పేరుకుంటే అక్కడే నిప్పంటుకునే ప్రమాదం. మళ్లీ వేడిచేసి పంపే ఆవిరి (రీహీట్) ఉష్ణోగ్రత పడిపోతే తక్కువ పీడనపు (ఎల్పీ) టర్బైన్ చివరి బ్లేడ్లకు తేమ కొడుతుంది. రోజూ దించి ఎక్కిస్తుంటే ఆవిరి గొట్టాలన్నీ కలిసే మందపాటి హెడర్లలో పగుళ్లు మొదలవుతాయి. అవి ఆ నెలలో కనిపించవు, నాలుగైదేళ్ల తర్వాత ఓవర్‌హాలింగ్‌లో బయటపడతాయి.

గ్రిడ్_లెక్క:
ఉత్తరప్రదేశ్‌లోని దాద్రిలో 490 మెగావాట్ల యూనిట్‌ను 2018లోనే 40 శాతం దగ్గర నడిపి చూపించారు కదండీ.

టర్బైన్_హాల్:
చూపించారు, కాదనను. పరీక్ష రోజున మంచి బొగ్గు, అనుభవం ఉన్న మనుషులు, ట్యూన్ చేసిన కంట్రోల్ లూపులు అన్నీ సిద్ధంగా ఉంటాయి. వానాకాలంలో తడిసిన బొగ్గు బంకర్‌లో ఇరుక్కున్న రాత్రి సంగతేమిటి? పైగా సాయంత్రం మళ్లీ ఎక్కాలి. నిబంధన అడిగే కనీస వేగం 40-55 మధ్య నిమిషానికి 1 శాతం, 55-70 మధ్య 2, ఆపైన 3. అంటే 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడుకు రావడానికి 32-33 నిమిషాలు. అదీ ఒక్క మిల్లు కూడా మొరాయించకపోతే.

టారిఫ్_ఆర్డర్:
ఇద్దరూ యంత్రం గురించే మాట్లాడుతున్నారు, బిల్లు ఎవరిదో ఎవరూ చెప్పడం లేదు. ఫిక్స్‌డ్ చార్జీ ప్లాంటు అందుబాటులో ఉంటే చాలు, వస్తుంది. నడిచింది 55 అయినా 40 అయినా కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) కట్టాల్సిందే. తక్కువ లోడులో హీట్ రేట్ చెడిపోతుంది, అంటే యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు కాలుతుంది, కాబట్టి 2016 గ్రిడ్ కోడ్ సవరణ 55-65 శాతం లోడుకు పాతరకం సబ్‌క్రిటికల్ యూనిట్లకు 6 శాతం, ఎక్కువ పీడనంతో నడిచే సూపర్‌క్రిటికల్‌కు 3 శాతం హీట్ రేట్ పరిహారం ఇచ్చింది. 40 దగ్గర అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి అన్ని యూనిట్లకూ డబ్బు పోయడం దండగ. పాత 210 మెగావాట్లవి ఆ సీజన్‌లో అక్కర్లేకపోతే రిజర్వ్ షట్‌డౌన్‌లో పెట్టండి, అంటే అవసరమైతే లేపేలా పూర్తిగా ఆపేయండి. గని పక్కనే ఉండి చవగ్గా కాల్చేవి మెరిట్ ఆర్డర్‌లో, అంటే చవకైన కరెంటును ముందు తీసుకునే వరసలో, ఎలాగూ చివర దిగుతాయి. మార్పులు చేయాల్సింది మధ్యలో ఉండే 500, 660 మెగావాట్ల యూనిట్లకు.

ఎగువ_దిగువ:
సరే, అలా మిగిల్చిన సోలార్ సాయంత్రం ఏడింటికి పనికొస్తుందా? కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో పగలు ధర పడిపోతుంది, రాత్రి కొరత రోజుల్లో యూనిట్‌కు 10 రూపాయల సీలింగ్‌ను తాకుతుంది. ఈ తేడాను పట్టేది నిల్వే. కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (పగలు నీళ్లు పైకెక్కించి, సాయంత్రం వదిలి కరెంటు తీసేది) అందుకే కట్టారు. యూనిట్ రెండున్నరకు కొని నీళ్లెక్కిస్తే, వంద యూనిట్లకు 78 తిరిగొస్తాయనుకుందాం, కరెంటు ఖర్చే 3.20 అవుతుంది. దానిపైన కట్టుబడి ఖర్చు. అయినా పది రూపాయల కంటే నయమే.

టారిఫ్_ఆర్డర్:
ఏడాదిలో ఎన్ని గంటలు పది తాకుతుందో చూడకుండా ఆ పోలిక చెల్లదు. డిస్కం నిల్వకు కూడా నెలనెలా కట్టాలి, వాడినా వాడకపోయినా. ఇంతకీ శ్రీశైలం ఎడమగట్టున నీళ్లు పైకి పంపు కూడా చేయగల ఆరు 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లున్నాయి, సాగర్‌లో అలాంటివి ఏడున్నాయి. ముందు వాటిని నిండా వాడారా?

ఎగువ_దిగువ:
అక్కడ చిక్కు యంత్రంలో లేదు, నీళ్లలో ఉంది. దిగువన మట్టం నిలవకపోతే పంపుకు అందేదేమీ ఉండదు. సాగుకు నీళ్లు వదిలే తేదీలు గ్రిడ్ చూసి పెట్టరు, రెండు రాష్ట్రాల తగాదా సరేసరి. పిన్నాపురం నదికి పక్కన కట్టినది, ఒకసారి నింపుకుంటే ఆవిరయ్యేదే పోసుకోవాలి.

మోటారు_స్విచ్:
మీరంతా వదిలేసిన నిల్వ పొలాల్లో ఉంది. ఆంధ్రాలో సాగుకు పగటి తొమ్మిది గంటల సరఫరా అంటేనే లోడును సోలార్ కిందికి జరపడం. బాయిలర్ ముట్టుకోనక్కర్లేదు, రిజర్వాయర్ తవ్వనక్కర్లేదు. 11 కేవీ వ్యవసాయ ఫీడర్ విడిగా ఉంటే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ వేళలు మారిస్తే సరి.

టర్బైన్_హాల్:
కరెంటు రాగానే మోటారును దానంతటదే లేపే ఆటోస్టార్టర్ల సంగతి? కరెంటు రాగానే ఫీడర్ మీది మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. స్టార్టింగ్ కరెంట్ మామూలుకు ఐదారు రెట్లు. వోల్టేజీ కుంగుతుంది, ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలతాయి.

మోటారు_స్విచ్:
నిజమే. అందుకే ఫీడర్లను గ్రూపులు చేసి పావుగంట తేడాతో వదలాలి, గ్రిడ్‌లో కరెంటు షెడ్యూలింగ్ ఎలాగూ 15 నిమిషాల బ్లాకుల్లోనే. 24 గంటల సరఫరా అప్పుడు తెలంగాణలో ఆటోస్టార్టర్లు తీయించే పని పెట్టుకున్నారు. తీయనివాళ్లకు కనీసం టైమ్ డిలే రిలే బిగించాలి, ఒక్కో మోటారుకు ఒక్కో ఆలస్యం ఉండేలా. వోల్టేజీ కుంగకుండా మోటారుకో కెపాసిటర్ కూడా. బాయిలర్ మార్పులతో పోలిస్తే ఈ ఖర్చు ఎంతండీ?

గ్రిడ్_లెక్క:
తక్కువే. కానీ వానలు పడి మోటార్లు ఆగిన జూలైలో ఆ లోడు ఉండదు, ఆదివారం ఫ్యాక్టరీలూ ఉండవు. ఆ మధ్యాహ్నాలకు మళ్లీ 40 శాతం దగ్గరికే రావాలి. ఏ యూనిట్లన్నది టారిఫ్_ఆర్డర్ గారు చెప్పినట్టే పెట్టుకుందాం.