చూపు తగ్గినవారికి లేనివి కనిపించడం: అవగాహన కోసం, చూసుకునేవారి కోసం ఒక సంఘాన్ని నడిపించడం ఎలా?

ప్రశ్న: మంగళగిరి నుంచి ఒక కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తగారికి నీటికాసుల (గ్లాకోమా) వల్ల రెండు కళ్లలోనూ చూపు చాలావరకు పోయింది. కొంతకాలంగా సాయంత్రం వేళల్లో ఆమెకు తలపాగాలు చుట్టుకున్న పొట్టి మనుషులు, గోడల మీద కదిలే జాలీల వంటి అల్లికలు కనిపిస్తున్నాయి. అవి నిజం కావని ఆమెకు తెలుసు. అయినా చెబితే మతి చలించిందంటారనీ, బంధువుల్లో ఎవరో ఒకరు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారనీ భయపడి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు. చివరికి ఒక కంటి వైద్యురాలు దీనిని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారనీ, చూపు తగ్గడం వల్ల వచ్చేదే కాని మానసిక వ్యాధి కాదనీ వివరించిన తరువాత ఇంటిల్లిపాదికీ ప్రాణం కుదుటపడింది.

బ్రిటన్‌లో ఈ సమస్య కోసమే ఎస్మేస్ అంబ్రెల్లా అనే సేవాసంస్థ ఉందని, దానిని జూడిత్ పాట్స్ అనే ఆమె తన తల్లి అనుభవం నుంచి ప్రారంభించారని చదివాను. ఇదే పరిస్థితిలో ఉన్న మరికొన్ని కుటుంబాలతో నాకు పరిచయం ఏర్పడింది. తెలుగులో అటువంటి ప్రయత్నం ఏదైనా చేయాలని మా అందరికీ ఉంది. మాలో వైద్యులు ఎవరూ లేరు. అటువంటి సంస్థను నడిపించేవారు ముందుగా ఏ పని చేపట్టాలి? వైద్యం తెలియనివారు ఎంతవరకు మాట్లాడవచ్చు? రోగిని చూసుకునేవారికి ఏ విధంగా అండగా నిలవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: బ్రిటన్‌లోని లెస్టర్ నుంచి, కంటి ఆసుపత్రిలో సహాయకురాలు

అమ్మా, మీ అత్తగారు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారని రాశారే, అటువంటి సంస్థల నాయకులు మొట్టమొదట పట్టించుకోవలసింది సరిగ్గా ఆ మౌనాన్నే. జూడిత్ పాట్స్ వైద్యురాలు కారు. ఆమె తల్లి ఎస్మేకు కూడా నీటికాసులే. చూపు తగ్గుతున్నకొద్దీ ఆమెకు గదిలో లేని మనుషులు కనిపించసాగారు. తల్లికి ఏమవుతున్నదో తెలుసుకోవడానికి ఆ కుమార్తె పడిన ప్రయాసే 2015లో ఎస్మేస్ అంబ్రెల్లాగా రూపుదిద్దుకుంది. ఆమె చేసిన తెలివైన పని ఏమిటంటే, లండన్‌లోని కింగ్స్ కాలేజీలో ఈ భ్రాంతుల మీద దశాబ్దాలుగా పరిశోధిస్తున్న డాక్టర్ డొమినిక్ ఫిచ్‌ను వైద్య సలహాదారుగా తొలి నుంచీ పక్కన పెట్టుకోవడం. కుటుంబం తరఫున మాట్లాడే గొంతు ఆమెది, శాస్త్రం తరఫున మాట్లాడే గొంతు ఆయనది. ఒకరి పని మరొకరు చేయబోలేదు కనుకనే వైద్యులూ వారి మాట విన్నారు, కుటుంబాలూ నమ్మాయి.

ఇది కొత్తగా కనుగొన్న విషయం ఏమీ కాదు. జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ బోనే 1760లోనే, శుక్లాల వల్ల చూపు క్షీణించిన తన తాతగారు షార్ల్ లులాన్‌కు మనుషులు, పక్షులు, భవనాలు కనిపించేవని రాశారు. తాతగారి బుద్ధి చక్కగా ఉందని కూడా ఆయన స్పష్టంగా నమోదు చేశారు. అంత పాత సంగతి అయినప్పటికీ ఈనాటికీ చాలామంది రోగులు దాని పేరును తమకు అది వచ్చిన తరువాతే వింటున్నారు. చూపు పోతున్న వ్యక్తికి మందుల గురించి, చుక్కల గురించి, ఆపరేషన్ గురించి చెబుతారు; ఇటువంటివి కనిపించవచ్చునని ముందుగా ఒక్క మాట చెప్పేవారు అరుదు. ఆ ఒక్క మాట ముందే చెవిన పడి ఉంటే, మొదటిసారి ఎవరో అపరిచితుడు మంచం పక్కన నిలబడినట్లు కనిపించినప్పుడు ఆ మనిషి పడే భయం సగానికి సగం తగ్గుతుంది. ఇది నేను ఆసుపత్రిలో పదేపదే గమనించిన విషయం.

కాబట్టి మీరు మొదట కంటి ఆసుపత్రుల వైపు వెళ్లండి. చూపు పరీక్షించేవారు, కౌన్సెలర్లు, నర్సులు తమంతట తామే "మీకు లేనివి ఏమైనా కనిపిస్తున్నాయా? చూపు తగ్గినవారిలో కొందరికి అలా జరుగుతుంది, అది మామూలే" అని అడిగేటట్లు చేయగలిగితే, మీరు వంద సభలు పెట్టినదానికంటే ఎక్కువ మేలు జరుగుతుంది. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ వంటి చోట్ల చూపు తిరిగి రానివారి కోసం పునరావాస విభాగాలు ఉన్నాయి. మీకు కావలసిన కుటుంబాలు ఆ గదుల బయట బెంచీల మీదనే కూర్చుని ఉంటాయి. ఇక్కడ బ్రిటన్‌లో ఏటా నవంబరు 16న ఈ సిండ్రోమ్ గురించి అవగాహన దినం జరుపుతారు. ఆ రోజున మీ ఊరి కంటి ఆసుపత్రిలో ఒక పెద్ద అక్షరాల పోస్టరు అతికించి, దాన్ని చదివి వినిపించడానికి ఒక మనిషిని కూర్చోబెట్టినా అది మంచి ఆరంభమే. చూపు లేనివారి కోసం పెట్టే పోస్టరును వారు చదవలేరన్న సంగతి చాలా సంస్థలకు తట్టదు. ముద్రించిన కరపత్రం కంటే తెలుగులో రికార్డు చేసిన రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ ఎక్కువ ఇళ్లకు చేరుతుంది.

పరిశోధనకు కూడా ఇటువంటి సంస్థల నాయకులు ఎంతో తోడ్పడగలరు. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఒంటరితనం వల్ల ఈ భ్రాంతులు ఎక్కువయ్యాయా అని లండన్ పరిశోధకులు పరిశీలించి 2021లో ప్రచురించిన పత్రంలో జూడిత్ పాట్స్ కూడా ఒక రచయిత్రి. అందులో పాల్గొన్నవారిలో సగం కంటే ఎక్కువ మంది తమ భ్రాంతులు పెరిగాయని చెప్పారు. కుటుంబాలతో నిత్యం మాట్లాడే సంస్థ తోడుగా ఉన్నందువల్లనే ఆ ప్రశ్న సమయానికి అడగగలిగారని నా అభిప్రాయం.

సమాధానం 2: విశాఖపట్నం నుంచి, ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించే నిపుణులు)

వైద్యం తెలియనివారు ఎంతవరకు మాట్లాడవచ్చు అన్న మీ రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే మంచి మనసుతో మొదలైన సంఘాలు సాధారణంగా దెబ్బతినేది అక్కడే.

జరిగేది ఏమిటో వివరించే హక్కు మీకు నిస్సందేహంగా ఉంది. కంటి నుంచి రావలసిన సంకేతాలు తగ్గిపోయినప్పుడు, మెదడులో చూపుకు సంబంధించిన భాగాలు ఊరుకోకుండా తమంతట తామే చురుకవుతాయి. ముఖాలను గుర్తించే భాగం చురుకైతే ముఖాలు, అల్లికలను గుర్తించే భాగం చురుకైతే అల్లికలు కనిపిస్తాయి. డాక్టర్ ఫిచ్ బృందం 1998లో భ్రాంతి వచ్చే సమయంలోనే మెదడును స్కాన్ చేసి దీనిని చూపించింది. చూపు బాగున్నవారికి కొన్ని రోజులు కళ్లకు గంతలు కట్టి చేసిన ఒక అధ్యయనంలో వారిలో కూడా ఎక్కువమందికి ఇటువంటివి కనిపించాయి. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, "మా అమ్మకు పిచ్చి పట్టిందా" అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఆగిపోతుంది.

అయితే "ఇది చార్లెస్ బోనేనే, భయపడకండి" అని ఫోనులో తేల్చి చెప్పే అధికారం మాత్రం మీ సంఘంలో ఎవరికీ ఉండకూడదు. ఈ సిండ్రోమ్‌లో కనిపించడమే ఉంటుంది. మాటలు వినిపించడం, వాసనలు రావడం, ఎవరో తాకినట్లు అనిపించడం ఉండవు. కొత్తలో కాసేపు నిజమని భ్రమపడినా, చెప్పినప్పుడు మనిషి అది నిజం కాదని ఒప్పుకోగలుగుతారు. కనిపించేదానితో పాటు గొంతులు వినిపిస్తున్నా, కనిపించినవారు తనకు కీడు తలపెట్టారని గట్టిగా నమ్ముతున్నా, జ్ఞాపకశక్తి తగ్గుతున్నా, నడక మారినా, చేతులు వణుకుతున్నా, హఠాత్తుగా ఒకటి రెండు రోజుల్లో మనిషి అయోమయంలో పడినా, అక్కడ పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), ల్యూయీ బాడీ డిమెన్షియా (ఒక రకం మతిమరుపు వ్యాధి), మూత్రనాళ ఇన్ఫెక్షన్, మందుల దుష్ప్రభావం వంటివి ఉండవచ్చు. అటువంటివారిని ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు పంపాలి. మీ ఫోను ఎత్తే ప్రతి స్వచ్ఛంద సేవకునికీ ఈ తేడా కంఠతా వచ్చి ఉండాలి.

ఇంట్లో పాటించదగిన చిన్న ఉపాయాలు కొన్ని నిరపాయంగా చెప్పవచ్చు. మసక వెలుతురులో, ఊరికే కూర్చున్నప్పుడు ఇవి ఎక్కువ కనుక లైటు వేయడం, లేచి మరో గదిలోకి వెళ్లడం, కనిపిస్తున్నదాని వైపు చేయి చాపడం కొందరికి పనిచేస్తాయి. తల కదపకుండా కళ్లను మాత్రం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు సుమారు 15 సెకన్ల పాటు తిప్పి, కాస్త ఆగి, మళ్లీ తిప్పడం మరొకటి. శుక్లం వంటి సరిచేయగల కారణం ఉంటే దానికి చికిత్స చేయించడం అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే చూపు మెరుగుపడితే భ్రాంతులు తగ్గవచ్చు. మందుల గురించి మాత్రం మీరు ఏమీ మాట్లాడవద్దు.

సమాధానం 3: వరంగల్ నుంచి, తండ్రిని చూసుకుంటున్న కుమారుడు

పైన ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను గాని, ఒక విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. అవగాహన కలిగితే భయం తగ్గుతుందన్నది నిజమే, అయితే అందరికీ అంతటితో బాధ తీరిపోదు. మా నాన్నగారికి షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నది. వైద్యులు వివరించి ధైర్యం చెప్పి చాలాకాలమైంది, ఆయనకు అర్థమైంది కూడా, అయినా పళ్లు బయటపెట్టిన వికృతమైన ముఖాలు దగ్గరకు వస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతారు. బ్రిటన్‌లో జరిగిన ఒక సర్వేలో కూడా సుమారు మూడోవంతు మంది ఈ భ్రాంతుల వల్ల తమ జీవితం మీద చెడు ప్రభావమే ఎక్కువగా ఉందని చెప్పారు. వీటిని మొదట్లో కొద్దికాలమే ఉండేవని భావించేవారు. ఏళ్ల తరబడి కొనసాగేవారు చాలామంది ఉన్నారని ఆ సర్వేలోనే తేలింది. కాబట్టి మీ సంఘం "ఇది ప్రమాదం కాదు" అని చెప్పి పంపేసే సంఘం కాకూడదు. మళ్లీ మళ్లీ ఫోను చేయడానికి వీలున్న సంఘం కావాలి.

చూసుకునేవారి గురించి మీరు అడిగారు. మాకు అన్నింటికంటే కష్టమైనది జవాబు చెప్పడం. "అదిగో, ఆ పిల్లవాడు మళ్లీ వచ్చాడు" అని నాన్నగారు అన్నప్పుడు అవును అంటే అబద్ధం, అక్కడ ఎవరూ లేరు అని కసిరితే ఆయన చిన్నబుచ్చుకుని రెండు రోజులు మాట్లాడరు. "నాకు కనిపించడం లేదు నాన్నా, మీకు ఎలా కనిపిస్తున్నాడో చెప్పండి" అని అడగడం నేను నెమ్మదిగా నేర్చుకున్నాను. ఇదే పరిస్థితిలో ఉన్న మరొక కుమారుడు ఫోనులో చెబితేనే నాకు ఇది తెలిసింది. బ్రిటన్‌లో మాక్యులర్ సొసైటీ అనే సంస్థ, ఈ సిండ్రోమ్‌ను స్వయంగా అనుభవించినవారితో కొత్తవారిని ఫోనులో మాట్లాడించే ఏర్పాటు చేసింది. మన దగ్గర రోగులకు అది ఎంత అవసరమో, చూసుకునేవారికి కూడా అంతే అవసరం.

ఒక విన్నపం. చూసుకునేవారి సమావేశం రోగి ఎదుట పెట్టకండి. తండ్రి వింటుండగా ఏ కొడుకూ తాను అలసిపోయానని చెప్పడు. అత్తగారి పక్కన కూర్చుని ఏ కోడలూ రాత్రి నిద్ర లేదని చెప్పదు. రోగులు ఒక గదిలో పాటలో కబుర్లో పెట్టుకుంటే, మరో గదిలో వీరు మనసు విప్పి మాట్లాడుకోవాలి. మరీ కుంగిపోయినవారు కనిపిస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను సేవ నంబరు 14416 ఇవ్వండి. అందులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కరపత్రం కంటే రికార్డు చేసిన మాట మేలన్నది మాకు నిజంగా తట్టలేదు. మా అత్తగారి గొంతుతోనే మొదటిది చేయిస్తాను, ఆమె ఒప్పుకున్నారు. ఇంకొక్క సందేహం: ముందే సొసైటీగా రిజిస్టరు చేయించాలా?

సమాధానం 1 ఇచ్చినవారు:

తొందర వద్దు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే సొసైటీని నమోదు చేయవచ్చు, కాబట్టి అది ఎప్పుడైనా చేయగల పనే. విరాళాలు తీసుకోవలసిన రోజు వచ్చినప్పుడు చేయించండి. అంతకంటే ముందు మీ సలహాదారుగా ఉండడానికి ఒక కంటి వైద్యుడు గాని, ఒక న్యూరాలజిస్టు గాని ఒప్పుకున్నారా, ఫోను ఎత్తేవారిలో ఒకరు జబ్బుపడితే ఆ పని అందుకోవడానికి మరొకరు ఉన్నారా అన్న రెండూ చూసుకోండి. అత్తగారి రికార్డింగు సిద్ధమైతే ఇక్కడ పెట్టండి, మా ఆసుపత్రికి వచ్చే తెలుగు పెద్దలకు వినిపిస్తాను.