తాడు లేకుండా కొండెక్కే డాక్యుమెంటరీలు ఇంట్లో పిల్లోళ్ళకు చూపించొచ్చా? మా ఇంట్లో పెద్ద పంచాయితీ

జొన్నరొట్టె_జమ్మలమడుగు:
అందరికీ నమస్తే. విషయం ఏందంటే రెండు వారాల కింద నేనూ మా తమ్ముడూ కూచోని ‘ఫ్రీ సోలో’ చూసినాం. తెలీనోళ్ళకు రెండు ముక్కల్లో చెప్తా. అలెక్స్ హానల్డ్ అని ఒకాయన, కాలిఫోర్నియాలో యోసెమిటీ అనే చోట ఎల్ క్యాపిటన్ అని సుమారు 3,000 అడుగుల నిట్టనిలువు బండ ఉంటే, దాన్ని 2017 జూన్ 3న తాడు గీడు ఏమీ లేకుండా ఒట్టి చేతుల్తో 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కేసినాడు. దాని మీద తీసిన సినిమా, ఆస్కార్ కూడా వచ్చింది. చూస్తాంటే నా అరిచేతులు తడిసిపోయినాయి సామీ, రిమోట్ చేతిలో నిలవకుండా జారిపోతాంటే లుంగీకి తుడుచుకుంటా చూసినా.

సరే, మొన్న ఆదివారం మావాడు ఫ్రెండ్స్‌తో గండికోటకు పోయినాడు. లోయ అంచున రాళ్ళు పలకలు పలకలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి చూడండి, దాంట్లో బయటికి పొడుచుకొచ్చిన రాయి మీద కూచోని, రెండు కాళ్ళూ లోయలోకి వేలాడేసి ఫోటో. ఫోటోలో ఎడమ కాలికి చెప్పు లేదు. ఏమిరా అంటే జారి పెన్నేట్లోకి పోయిందంట, నవ్వుతా చెప్తాడు! అది స్టేటస్ పెట్టినాడు, మా చిన్నమ్మ చూసి మాయమ్మకు ఫోన్ చేసింది, మాయమ్మ ఒకటే ఏడుపు, మా నాయన టీవీ వైరు పీకి బీరువాలో పెట్టి తాళం వేసినాడు. ఇప్పుడు తప్పంతా నాదే, ఆ దిక్కుమాలిన సినిమా వానికి చూపించింది నువ్వే గదా అని.

నిజంగా సినిమా చూసే వాడు అట్ల కూచున్నాడా? ఇంకోటి, ఇది నన్ను నేనే అడుక్కుంటాండా. ఆయన పడిపోడని, బతికే ఉన్నాడని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా అంత చెమట పట్టించుకోని ఎందుకు చూసినా? ఎవడో చావు అంచున నడుస్తాంటే ఇంట్లో కూచోని చెనిక్కాయలు తినుకుంటా చూసేది సరైన పనేనా?

కొండారెడ్డి_బురుజు_కింద:
సరైన పని కాదు. సూటిగా చెప్పేస్తా, ఎవరికైనా కోపం వస్తే రానీ. మా చిన్నప్పుడు కర్నూల్లో గడెక్కి ఆడేటోళ్ళు వస్తాండ్రి, పిల్లనెత్తుకొని గడ కొసన బొక్కబోర్లా పడుకునేటోళ్ళు. అది చూసి మా జేజి ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు, చాటలో బియ్యం పోసుకొచ్చి “దిగు నాయనా దిగు, చాలు” అనేది. చప్పట్లు కొడితే ఇంకా పైకి పోతాడని ఆమెకు తెలుసు. ఈ డాక్యుమెంటరీల సంగతి కూడా అదే. చుట్టూ కెమెరాలు పెట్టి, సినిమాకు డబ్బు పెట్టి, నువ్వు ఎప్పుడెక్కుతావు అని ఏడాది పొడుగునా కాచుకోని కూచుంటే ఎవడైనా ఎక్కక ఏం చేస్తాడు. ఆ తీసేటోళ్ళే సినిమాలో చెప్తారు గదా, ఫ్రేములోనే పడిపోతే ఏంది మా గతి అని. అంత భయం ఉన్నోళ్ళు కెమెరా మూసేసి ఇంటికి పోవల్ల.

పాతాళగంగ_బెలుం:
అన్నా మీరు సినిమా మొత్తం చూసినారా లేక ట్రైలర్ చూసి రాస్తాండారా? నిజంగానే అడుగుతాండా. ఎందుకంటే ఆయన ఎక్కేది ఆఖర్న రవ్వంత సేపే. మిగతాదంతా తాడు కట్టుకోని ప్రాక్టీసే. యాడ వేలు పెట్టల్ల, యాడ కాలు పెట్టల్ల, నోటుపుస్తకంలో రాసుకోని బట్టీ పడతాడు, మనం ఎంసెట్‌కు ఫార్ములాలు పట్టినట్టు. ఇంకో మాట. 2016లో ఒకసారి తెల్లారకముందే చీకట్లో మొదలుపెట్టినాడు, అప్పుడు కూడా అన్ని కెమెరాలూ రెడీగా ఉన్నాయి, కొంచెం పైకి పోయినంక మనసుకు సరిగ్గా అనిపించక దిగొచ్చేసినాడు. డబ్బు పెట్టినోళ్ళ కోసం ఎక్కేటోడు ఐతే ఆ పొద్దే ఎక్కుండేవాడు గదా.

తీసినోళ్ళ గురించి కూడా చెప్తా. చాలా పైన ఒక చోటు ఉంటాది, అక్కడ బొటనవేలు ఆనేంత పట్టు, దాని నుంచి ఎడమ కాలు పక్క గోడకు కరాటే కిక్ కొట్టినట్టు చాచల్ల. ఆ చోట మనిషి ఎదురుగా ఉంటే ఇబ్బందని రిమోట్ కెమెరాలు పెట్టినారు. కింద మైదానంలో పెద్ద లెన్స్ పెట్టుకున్న కెమెరామన్ ఐతే చూడలేక ముఖం అవతలికి తిప్పుకుంటాడు, సినిమాలో దాన్ని కూడా ఉంచినారు. నాకు ఆ కొండెక్కడం కన్నా ఆ ముఖం తిప్పుకునేదే గుర్తుండిపోయింది.

గండికోటలో జరిగింది వేరే కథ. అది రీల్స్ పుణ్యం. రీల్‌లో ప్రాక్టీసు ఉండదు, వెనక్కి తిరిగొచ్చేది ఉండదు, పదిహేను సెకన్లు, పాట, లైకులు. తప్పు ఒకరిది, తిట్లు ఇంకొకరికా.

ఉగ్గాని_బజ్జి:
ఆ లోయలో పోయిన నెల నా చెప్పు కూడా పోయింది, కుడి కాలిది. మీ తమ్మునిది ఎడమ కాలిది అంటాండారు. ఎవరన్నా కిందికి పోతే జత చేసి పంపండి, సైజు 8.

అనంతపురం_ఎండ:
ఇక్కడ ఒక సంగతి ఎవరూ మాట్లాడలేదు. మన దాకా వచ్చే సినిమాలు ఎక్కువ భాగం బతికి బయటపడినోళ్ళవి. పడిపోయినోడి సినిమా ఎవడు కొంటాడు. అందుకే పిల్లోళ్ళకు ఏమనిపిస్తాదంటే, ధైర్యంగా పోతే ఏమీ కాదులే అని. మీ తమ్మునికి రెండో సినిమాగా ‘ది ఆల్పినిస్ట్’ చూపించండి. కెనడా పిల్లోడు, మార్క్ ఆండ్రే లెక్లేర్, మంచు గోడలు ఒంటరిగా ఎక్కేవాడు, బో అమాయకంగా నవ్వుతాడు. 2018 మార్చిలో అలాస్కాలో ఒక కొండ ఎక్కి దిగేటప్పుడు తోడు పోయినాయనతో సహా పోయినాడు, శవాలు కూడా దొరకలేదు. 25 ఏళ్ళు. సినిమాలో వాళ్ళమ్మ మాట్లాడతాది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడుతాంటే నేను పాజ్ పెట్టి మిద్దె మీదికి పోయి కాసేపు నిలబడి వచ్చినా.

కానీ బురుజు అన్నకు కూడా దాంట్లో ఒక జవాబు ఉండాది. ఆ పిల్లోడు సినిమా తీసేటోళ్ళకు చెప్పకుండా మాయమైపోయేవాడు. రాబ్సన్ అనే పెద్ద కొండను వాళ్ళకు తెలీకుండా ఎక్కేసి వచ్చినాడు. ఏమయ్యా అంటే, పక్కన ఎవరన్నా ఉంటే అది నా లెక్కలో ఒంటరిగా ఎక్కినట్టు కాదు అంటాడు. మరి ఈయన్ని కొండెక్కించింది ఏ కెమెరా?

కొండారెడ్డి_బురుజు_కింద:
ఆ పిల్లోడి విషయం ఒప్పుకుంటా. బతికున్నప్పుడు మొదలుపెట్టిన సినిమా పోయినంక రిలీజ్ చేసినారు గదా, నాకు అది కూడా మింగుడు పడలేదు.

నేను అన్నీ వద్దనడం లేదు. ‘టచింగ్ ది వాయిడ్’ నాకు ఇష్టం, మూడుసార్లు చూసినా. 1985లో పెరూలో ఇద్దరు ఇంగ్లీషోళ్ళు కొండెక్కి దిగుతాంటే ఒకాయనకు కాలిరిగింది, రెండో ఆయన తాడుతో దించుతా దించుతా, ఇంకాసేపైతే ఇద్దరమూ పోతామని తాడు కోసేసినాడు. కాలిరిగినాయన మంచు చీలికలో పడి కూడా మూడు రోజులు దేక్కుంటా టెంటు దాకా వచ్చినాడు. తాడు కోసినాయన మీద ఈయన ఈరోజుకూ ఒక్క మాట అనడు. ఆ పొద్దు అక్కడ కెమెరా లేదు, సినిమా తీసింది 2003లో, నటులను పెట్టి. జరిగేది జరిగిపోయినంక చెప్తే కథ, జరిగేటప్పుడు కాచుకోని కూచుంటే వేట. నా లెక్క ఇంతే.

నల్లమల_నైట్‌డ్యూటీ:
చావు దగ్గర ఎట్ల మెలగాల్నో ఒక సినిమాలో చూసినా. ‘గ్రిజ్లీ మ్యాన్’. అలాస్కాలో ఎలుగుబంట్లతో 13 ఎండాకాలాలు గడిపిన ఒకాయనను 2003లో ఎలుగే చంపేసింది, తోడున్న ఆమెను కూడా. కెమెరాకు మూత తియ్యలేదు, అందుకని బొమ్మ లేదు, చప్పుడు మాత్రం రికార్డ్ అయింది. డైరెక్టర్ హెర్జోగ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోని అది వింటాడు, మనకు వినిపించడు. ఎదురుగా కూచున్న, పోయినాయన స్నేహితురాలితో, నువ్వు ఎప్పటికీ వినొద్దు అంటాడు. కెమెరా కూడా ఆయన వీపు వైపు ఉంటాది, ఎదురుగా ఆమె ముఖమే మనకు కనపడేది. అదే ఇప్పుడైతే ఆ ఆడియో మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాంటుంది.

ఆత్మకూరు_చెక్‌పోస్ట్:
ఇన్ని దేశాలు తిరిగొచ్చినారు గానీ మన పక్కనే నల్లమల ఉండేది ఎవరికీ గుర్తు రాలేదా. మా సైడు చెంచోళ్ళు లోయ గోడలకు పట్టిన పెద్ద తేనెపట్ల కోసం తాడు కట్టుకోని దిగుతారు, చేతిలో పొగ, చుట్టూ ఈగలు. పైన తాడు పట్టుకునేది బావమరిది. మా ఇంటికి తేనె తెచ్చే తాతను ఒకసారి అడిగినా, అన్నదమ్ముడు ఎందుకు పట్టుకోడు తాతా అని. “తమ్మునికి ఆస్తిలో పాలుంటాది, బావమరిదికి చెల్లెలి తాళి ఉంటాది” అన్నాడు. పెరూ తాడు సంగతి చదవంగానే ఈ మాట గుర్తొచ్చింది. వీళ్ళకు ఆస్కార్ లేదు, దిగకపోతే ఆ సీజన్‌లో చేతికి డబ్బు రాదు. సరదా కోసం కొండెక్కేటోళ్ళను చూసి నోరు తెరిచేముందు ఈళ్ళను కూడా రవ్వంత తలుచుకోండి.

పాతాళగంగ_బెలుం:
కరెక్టే అన్నా. ఎవరెస్ట్ సినిమాల్లో కూడా బరువు మోసేది, తాళ్ళు కట్టేది షెర్పాలు, పోస్టర్ మీద ముఖం ఇంకొకరిది. ‘షెర్పా’ అనే సినిమా ఒక్కటి దాన్ని తిరగేసింది. మామూలు ఎక్స్‌పెడిషన్ సినిమా తీద్దామని పోయినారు, 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో ఖుంబు అనే మంచుగడ్డల వాలు దగ్గర మంచు చరియలు విరిగిపడి 16 మంది పోయినారు, అంతా నేపాలీ పనోళ్ళే. మేము ఇంక ఎక్కం అని వాళ్ళు కూచుండిపోతే డబ్బు కట్టినోళ్ళ ముఖాలు చూడాల మీరు.

టీచరమ్మ_ధర్మవరం:
అదే 2014 సీజన్. నేపాల్ వైపు అట్ల ఆగిపోతే టిబెట్ వైపు నుంచి మలావత్ పూర్ణ మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. నిజామాబాద్ జిల్లా, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. మన రాష్ట్రం రెండు కావడానికి వారం ముందు.

ఆ పిల్ల వీడియోలు నేను ప్రతి ఏడాదీ ఎనిమిదో తరగతికి చూపిస్తా, మా స్కూల్లో ఉండేది ఒకే ప్రొజెక్టర్, కిటికీలకు దుప్పట్లు కట్టి. బయట 42 డిగ్రీలు, లోపల తెర మీద మంచు. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, “మిస్, అంత చలిలో అన్ని బట్టలేసుకోని ఒంటేలుకు ఎట్ల పోతారు” అని అడిగింది. క్లాసంతా నవ్వు. నాకు జవాబు తెలీదు, తెలుసుకోని వారం తర్వాత చెప్పినా. అదే పిల్ల గుత్తి కోటకు టూర్ పోయినప్పుడు మూడు అడుగులకు ఒకసారి ఆగి, నోటితో గట్టిగా ఊపిరి తీసుకుంటా, ఎవరెస్ట్ మీద ఉన్నట్టు ఎక్కింది. ఆఖర్న పైకి చేరింది ఆమే, కానీ మధ్యలో కూలబడని పిల్ల కూడా ఆమె ఒక్కతే. సినిమా చూసి చెడిపోయినోళ్ళ లెక్కలో దీన్ని యాడ వేద్దాం?

కొండారెడ్డి_బురుజు_కింద:
టీచరమ్మా, కోపం చేసుకోవద్దు. అసలు 13 ఏళ్ళ పిల్లను అంత ఎత్తుకు పంపడం కరెక్టా? ఆమెకు ఏమన్నా అయ్యుంటే?

టీచరమ్మ_ధర్మవరం:
కోపం ఏమీ లేదు అన్నా, వయసు గురించి భయపడడంలో న్యాయం ఉంది. కానీ ఒక పొద్దు లేచి పంపలేదు ఆ పిల్లను. ముందు భువనగిరి బండ, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి, అన్ని చోట్లా ట్రైనింగ్ అయినాకనే పోయింది. ఇంకోటి కూడా చెప్తా. మా మండలంలో ఆ వయసు పిల్లలకు సంబంధాలు చూస్తాంటే నేను పోయి కొట్లాడల్ల. అప్పుడు మాత్రం “ఏమన్నా అయ్యుంటే” అని ఒక్కరూ అడగరు.

ఉగ్గాని_బజ్జి:
బురుజు అన్న ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు, టైప్ చేస్తాండాడు, చెరిపేస్తాండాడు, మళ్ళీ టైప్ చేస్తాండాడు.

కొండారెడ్డి_బురుజు_కింద:
సరే అమ్మా. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. హానల్డ్ విషయంలో మాత్రం నేను మారలే.

జొన్నరొట్టె_జమ్మలమడుగు:
అందరికీ థాంక్స్, ఇంత రాస్తారనుకోలే. నిన్న రాత్రి మా తమ్ముణ్ణి మిద్దె మీదికి పిలుచుకపోయి నిమ్మళంగా అడిగినా. సినిమా గుర్తే లేదంట ఆ టైమ్‌లో. ముందు మామూలుగా రాయి మీద వెనక్కే కూచున్నాడంట. ఫోన్ పట్టుకున్న వాని ఫ్రెండ్ “లోయ పడ్లేదురా, ఇంకొంచెం ముందుకు జరుగు” అంటాడు, వీడు జరిగినాడు, “ఇంకొంచెం” అంటాడు, మళ్ళీ జరిగినాడు. చెప్పు పడినప్పుడు కూడా ఆ ఫ్రెండ్ నవ్వి, ఆగు వీడియో ఆన్ చేస్తా అన్నాడంట. బెలుం అన్న రాసిన ఆ ముఖం తిప్పుకున్న కెమెరామన్ సంగతి వానికి చెప్పినా. ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి “వాడు నా ఫ్రెండే లేరా” అన్నాడు, ఎవర్ని అన్నాడో నాకు అర్థం కాలే.

వైరు సంగతి. మాయమ్మ సీరియల్ కోసం మా నాయన రెండో రోజే బీరువా తెరిచినాడు. ఈ పొద్దు మాయమ్మనే, ఏందిరా ఆ సినిమా, నాకూ చూపించు అనింది. పెట్టినా. ఆ కిక్ కొట్టే చోటు వచ్చేసరికి లేచి వంటింట్లోకి పోయింది, గిన్నెలు తోముతా అక్కడినుంచే అడుగుతాంది, “చేరినాడా? చేరినాడా?” అని. “చేరినాడు మా” అన్నా. “సరే, దిగేటప్పుడన్నా తాడు కట్టుకోని దిగమను.”