కోతిని తలుచుకోవడం, కోతి గుర్తుకు రావడం

“మందు తాగేటప్పుడు కోతి గుర్తుకు రాకూడదు” అంటాం కదా. రాజోలులో మా అమ్మమ్మ మాత్రం “కోతిని తలుచుకోకు” అనేది. రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. తలుచుకోవడం నేను చేసే పని, అందులో కర్తను నేనే. గుర్తుకు రావడంలో కర్త కోతి, నేను ‘నాకు’ అయిపోయి పక్కన కూర్చుంటాను. తలుచుకోవద్దంటే మానగలను. రావద్దని కోతికి ఎవరు చెప్పాలి? ఆ షరతు పెట్టి మందిచ్చిన కథలో వైద్యుడి గడుసుతనమంతా ఇదే. మీ వైపు ఏమంటారు?

నరసాపురం నుంచి: ఆయ్, రెండూ అంటామండి. మా బాబుకి మూడో నెలలో సఖినేటిపల్లి వెళ్ళే పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కాను. వశిష్ఠ పాయ నడిమధ్యలో ‘వీణ్ణి నీళ్ళలోకి విసిరేస్తేనో’ అని తట్టింది. ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ తర్వాత చాన్నాళ్ళు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. అక్కడా గోదారేననుకోండి, బస్సు కిటికీ మూసుకోవచ్చు కదా! ఇంట్లో చెబితే “అలా ఎలా అనుకున్నావే?” అన్నారు. అనుకోలేదండీ, వచ్చింది.

మొదట రాసినవాణ్ణి: మీరు ‘తట్టింది’ అన్నారు చూడండి, అదే సరైన మాట. ‘అనుకొను’లో ‘కొను’ ఉంది, మాటను మనం తీసుకున్నట్టు. ‘అనిపించు’ ప్రేరణార్థకం, ఏదో మన చేత అనిపిస్తోంది. తట్టడానికి మన ప్రమేయమే అక్కర్లేదు.

కాకినాడ నుంచి: మానసిక వైద్య విభాగంలో పనిచేశాను. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనేవాళ్ళు ఏ జబ్బూ లేనివాళ్ళని అడిగితే, ఎక్కువమంది ఇలాంటి పాడు తలపులు తమకూ వస్తాయన్నారు. 1987లో అమెరికాలో వెగ్నర్ బృందం కొందరిని అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలవొద్దంది, గుర్తొస్తే గంట కొట్టమంది. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత తలుచుకోవచ్చన్నప్పుడు, ముందు ఆపుకున్నవాళ్ళకే అది ఎక్కువగా వచ్చింది. మన కోతేనండీ! అమ్మా, బిడ్డంటే ప్రాణం కాబట్టే ఆ తలపు మిమ్మల్ని అంత హడలగొట్టింది. తోలబోకండి, ‘వచ్చింది’ అనుకుని చేతిలో పని చేసుకోండి. రేవు మానేసేకొద్దీ భయం ముదురుతుంది. గంటలకొద్దీ వదలకపోయినా, పదేపదే చేతులు కడిగించినా, నిద్ర చెడినా డాక్టరుకి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416 నంబరుకి, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

నరసాపురం నుంచి: మొన్న మళ్ళీ పంటు ఎక్కానండి. బాబుకి ఇప్పుడు మూడేళ్ళు. సగం దాటాక వచ్చింది. ‘ఆయ్, కోతొచ్చింది’ అనుకుని వాడికి అరటిపండు ఒలిచి పెడుతున్నాను. ఈలోగా రేవొచ్చేసింది.