ఈ వారం సమస్య: వేళ్ళు తెగిన వాని వేరు నిలిచె

నిర్వాహకుడు:
ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడూ మీరు పూరించాలి. పూరణ ఓ'డొనెల్ వంశం గురించే ఉండాలి. మాద్రిద్ మెట్రో ఆరో లైనులో ఓ'డొనెల్ అని ఒక స్టేషను ఉంది. లియోపోల్దో ఓ'డొనెల్ పేరది. 1809లో తెనెరీఫ్‌లో పుట్టాడు, మొరాకో యుద్ధం గెలిచి తెతువాన్ డ్యూక్ అయ్యాడు, స్పెయిన్‌కు మూడుసార్లు ప్రధాని. వంశం మాత్రం ఐర్లండ్‌లోని డొనెగల్‌ది. మెట్రో మ్యాపులో ఆ పేరు చూసినప్పటి నుంచి ఈ పాదం నన్ను తొలుస్తోంది. వేలుకూ వేరుకూ బహువచనం వేళ్ళే కదా, వాడుకోండి.

గోదారిగట్టు:
మంచు కొండ దాటి మడిమల నెత్తురై
బొటన వేళ్ళు పోయె పోరు మిగిలె
స్పెయిను నేలలోన పిడికెడు మన్నైన
వేళ్ళు తెగిన వాని వేరు నిలిచె

ఇది ఆ వంశపు ఐరిష్ దొర ఎర్ర హ్యూ ఓ'డొనెల్ మీద. 1591-92 చలికాలంలో డబ్లిన్ కోట నుంచి తప్పించుకుని విక్లో కొండల్లో మంచులో చిక్కుకున్నాడు. రెండు కాళ్ళ బొటనవేళ్ళూ తీసేయాల్సి వచ్చింది. కిన్సేల్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడాక సాయం కోసం స్పెయిన్ వెళ్ళి, 1602లో సిమన్‌కాస్‌లో చనిపోయాడు. వల్లదోలిద్‌లో పాతిపెట్టారు. 2020లో అక్కడ తవ్వినప్పుడు బొటనవేళ్ళు లేని అస్థిపంజరం కోసమే వెతికారు!

పాత మాస్టారు:
మూడో పాదం చాలా బాగుంది నాయనా. మంచుకొండ మొదలుపెట్టి పిడికెడు మన్ను దగ్గర ఆపావు. కానీ రెండో పాదంలోనే బొటనవేళ్ళ గుట్టు విప్పేస్తే నాలుగో పాదంలో శ్లేష, అదే రెండర్థాల చమత్కారం, ఏం మిగిలింది? ఇంకో చిక్కు. ఎర్ర హ్యూకి పిల్లల్లేరు. 'వాని వేరు' ఎలా నిలిచింది? నిలిచింది వంశంలోని వేరే కొమ్మలు. ఇక నిర్వాహకుడికి ఒక మాట. గ్రాంథికంలో అది 'వ్రేళ్ళు'. రేఫ (ర ఒత్తు) పెడితే శ్లేష చస్తుందని వదిలేశావని తెలుసు, అందుకే ఊరుకుంటున్నా.

కృష్ణవేణి:
ఓడ యెక్కి రేవు నొకనాడు విడిచిన
దొరల కోట పోయె తోట పోయె
పరుల రాజు కొలువు పందిరై నిలువగ
వేళ్ళు తెగిన వాని వేరు నిలిచె

1607 సెప్టెంబరు, ఐర్లండ్‌లోని రాత్‌ముల్లన్ రేవు. ఇంకో ఐరిష్ దొర హ్యూ ఓ'నీల్, ఎర్ర హ్యూ తమ్ముడు రోరీ ఓ'డొనెల్ బంధుబలగంతో ఓడెక్కారు, మళ్ళీ వెనక్కి రాలేదు. రోరీ మరుసటేడే రోములో పోయాడు.

గోదారిగట్టు:
అక్కయ్యా, 'రేవు నొకనాడు' దగ్గర యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కలిసే అక్షరం) హాయిగా పడింది. 'దొరల' అని బహువచనంతో మొదలెట్టి 'వాని' దగ్గర ఏకవచనానికి దిగారు, అది చూసుకోండి. పైగా వేరు తెగిన తీగకు పందిరి ఉండి ఏం లాభం?

కృష్ణవేణి:
ఒప్పుకున్నాను. పందిరి మీద మోజు, అంతే.

కొత్తకలం:
నా మొదటి పాదం మాత్రమే కుదిరింది, టెన్షన్‌గా ఉంది: 'మెట్రో దిగి చూస్తే మేటి పేరొక్కటి'

పాత మాస్టారు:
టెన్షన్ ఎందుకు? ఈ పాదంలో మొదటి మూడూ సూర్యగణాలు, అంటే చిన్న అక్షర గుంపులు. వాటిలో రెండు గురువులు (నిడివిగా పలికే అక్షరాలు) పక్కపక్కన రావు. 'మెట్రో' రెండూ గురువులే. దాన్ని చివరి రెండు ఇంద్రగణాల్లోకి (పెద్ద గుంపుల్లోకి) జరుపు: 'మేటి వాని పేరు మెట్రోన కనిపించె'. యతి కూడా కలిసింది. మిగతాది నువ్వే రాయాలి.

డబ్లిన్ తెలుగు:
ఊరి పేరు మరచె నూరి బాస మరచె
తాత పేరు విడక తగిలి యుండె
ఓ యనంగ మనుమ డొక్క యక్షరమున
వేళ్ళు తెగిన వాని వేరు నిలిచె

ఐరిష్‌లో 'ఓ' అంటే మనుమడు, వంశంవాడు. ఓ'డొనెల్ అంటే డోనల్ మనుమడు. మనం ఇంటిపేరులో ఊరిని మోస్తాం, వాళ్ళు తాతను మోస్తారు. ఆడపిల్ల పేరుకైతే 'ఓ' కాదు, 'నీ' వస్తుంది. మన చెవికి రెండూ పిలుపుల్లాగే ఉంటాయి!

పాత మాస్టారు:
ఇదీ పూరణ అంటే. వేరును ఒక్క అక్షరంలో చూపించావు. అయితే 'ఊరి పేరు మరచె' అన్నది నిజం కాదు. స్పెయిన్ సైన్యంలో ఐరిష్‌వాళ్ళ దళాలకు ఉల్టోనియా, ఇబెర్నియా, ఇర్లాందా అని పేర్లుండేవి. ఉల్టోనియా అంటే అల్‌స్టర్. డొనెగల్ ఉన్నది ఆ ప్రాంతంలోనే. పరాయి జెండా కింద కూడా ఊరి పేరు మోశారు. పోయింది మట్టి, బాస.

డబ్లిన్ తెలుగు:
నిజమే మాస్టారూ. మొదటి పాదం ఇలా మారుస్తున్నా:

ఊరి మట్టి విడిచె నూరి బాస మరచె

నిర్వాహకుడు:
ఈ వారం ఇదే. కొత్తకలం మాత్రం రెండు పాదాలు బాకీ.