సమస్య: నిప్పు మింగి కడుపు నింపుకొనెను

నిర్వాహకులు: ఇది ఆటవెలది పద్యానికి నాలుగవ పాదము, ముందు మూడు పాదాలు మీరు కూర్చి దీనికి అర్థం కుదర్చాలి. పొద్దున ఉగ్గాని (బొరుగుల వంటకం) బజ్జి, మధ్యాహ్నం సంగటి (రాగిముద్ద) పెట్టే రాయలసీమ ఊరి హోటలు వస్తువుగా పూరించగలరు.

ఆదోని సభ్యుల పూరణ:

పొద్దు పొడుపు వేళఁ బొగలు చిమ్ము మిరప
బజ్జి నంచుకొనుచుఁ బత్తిరైతు
ఆదవాని సంత నమ్మెడి యుగ్గాని
నిప్పు మింగి కడుపు నింపుకొనెను

విమర్శ: పత్తి మార్కెట్టుకు పేరుపడిన ఆదవానిలో (ఆదోని పాత పేరు) పత్తిరైతును కూర్చోబెట్టడం ఉచితంగా ఉంది. అయితే మూడవ పాదాన్ని సమస్యతో కలిపి చదివితే ఉగ్గానియే నిప్పు అన్న అర్థం వస్తోంది. తడిపి పిండిన బొరుగులను ఉల్లిపాయల పోపులో కలిపి, పుట్నాలపొడి చల్లి దించే ఆ మెత్తని వంటకానికి అంత మంట ఎక్కడిది? ‘ఆదవాని సంత నమ్ము నుగ్గానితో’ అంటే నిప్పు బజ్జికే చెందుతుంది.

తిరుపతి సభ్యుల పూరణ:

మందఁ జుట్టుముట్ట మంటలు కృష్ణుండు
గోపబాలకులను గూర్మిఁ గాచి
చల్ది మూట విప్పి జట్టుతోఁ గూర్చుండి
నిప్పు మింగి కడుపు నింపుకొనెను

విమర్శ: ధార బాగుంది కాని హోటలు లేదు. భాగవతం దశమస్కంధంలో చల్ది ఆరగింపు బ్రహ్మ దూడలను దాచిన ఘట్టంలోనిది, దావాగ్నిని మింగడం వేరొక సందర్భం. పైగా అది మందను కాచేందుకే గాని ఆకలికి కాదు.

మదనపల్లె సభ్యుల పూరణ:

రాగిముద్ద నడుమ రవ్వంత గుంతలో
నాటుకోడి పులుసు నాననిచ్చి
పండ్లఁ దగులనీక పనివాఁడు వడివడి
నిప్పు మింగి కడుపు నింపుకొనెను

విమర్శ: బజ్జిని ఎవరైనా నములుతారు, సంగటిని మాత్రం ఉండ చేసి పులుసులో అద్ది మింగుతారు గనుక, సమస్యలోని ‘మింగి’ అన్న క్రియకు సార్థకత ఈ పూరణలోనే దక్కిందని నా అభిప్రాయం. కాని పులుసును నాననిస్తే ముద్ద చల్లారుతుంది, నిప్పు మిగలదు. ‘పొయ్యి దిగిన కోడిపులుసుఁ బోసి’ అని మార్చి చూడండి. పొ-పు యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) చెల్లుతుంది.

మదనపల్లె సభ్యులు: సవరణ శిరోధార్యమే గాని అందులో ‘నాటు’ జారిపోయింది. ఫారం కోడితో సంగటి పెట్టే హోటలుకు మా వైపు రెండోసారి ఎవరూ వెళ్లరు కనుక, ఆ మాట నిలిచే పాదం కోసం మరొక పూట గడువు ఇప్పించండి.