విలియమ్స్‌బర్గ్ కాపిటల్: హెన్రీ గర్జించింది ఆ బిల్డింగ్‌లో కాదంట, మరి మనం చూసొచ్చిందేంటి?

రిచ్‌మండ్_రాజు:
మొన్న వీకెండ్ ఇండియా నుంచి వచ్చిన మా మావయ్యని విలియమ్స్‌బర్గ్ తీసుకెళ్ళా. రిటైర్డ్ సోషల్ మాష్టారు, అమెరికా స్వాతంత్ర్య పోరాట నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ అంటే ప్రాణం. కాపిటల్ (బ్రిటిష్ కాలం నాటి వర్జీనియా శాసనసభ భవనం) లోపల నిలబడి, 1765లో బ్రిటన్ కాగితాల మీద వేసిన స్టాంప్ పన్ను మీద తిరగబడింది ఇక్కడే కదరా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. ఇంటికొచ్చాక చదివితే అసలు సంగతి తెలిసింది, అది 1934లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో మళ్ళీ కట్టిన బిల్డింగ్. (బోర్డు మీద రాసే ఉంటుంది, మేం ఫొటోల గోలలో ఉన్నాం.) సరే అనుకుందాం, కానీ కట్టింది 1705 నాటి మొదటి కాపిటల్ మోడల్‌లో, అదేమో 1747లోనే కాలిపోయింది, హెన్రీ మాట్లాడింది 1753లో పూర్తయిన రెండోదాంట్లో, అది కూడా 1832లో తగలబడింది. అంటే హెన్రీ సభలో నోరు తెరవడానికి 18 ఏళ్ళ ముందే బూడిదైనదాన్ని చూసి మావయ్య కరిగిపోయాడన్నమాట. నా ఉద్దేశంలో ఇది తప్పే. మీరేమంటారు?

పాతచింతకాయ:
రాజు గారూ, శ్రీకాళహస్తి రాజగోపురం 2010లో కూలితే మళ్ళీ కట్టారా లేదా? కొత్తదని దణ్ణం పెట్టడం మానేశామా? స్థలం అదే, చాలదా.

రిచ్‌మండ్_రాజు:
అన్నా, అక్కడ కూలిన గోపురాన్నే మళ్ళీ లేపారు, దానికి ముందు ఇంకేదో ఉండేదని దాన్ని కట్టలేదుగా!

తాపీమేస్త్రి:
కట్టినవాళ్ళ ఇబ్బంది కూడా చూడాలి బ్రో. 1929లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఒక రాగిరేకు దొరికింది, దానిమీద మొదటి కాపిటల్ బొమ్మ చెక్కి ఉంది, గుండ్రటి బురుజుల్లాంటి చివర్లతో సహా. రెండోదానికి అంత ఆధారం లేదు. ఏ బొమ్మ చేతిలో ఉంటే ఆ ఇల్లే కడతాం కదా. కాకపోతే 1930ల ఆర్కిటెక్ట్‌లు సిమెట్రీ పిచ్చితో కొన్ని సొంతంగా సర్దేశారని తర్వాత పరిశోధకులే విమర్శించారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

గోదారిగాలి:
బిల్డింగ్ సంగతి సరే, స్పీచ్ సంగతేంటి? "ఇది రాజద్రోహమైతే ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్న హెన్రీ డైలాగ్ జనంలోకి వచ్చింది 1817లో విలియం వర్ట్ రాసిన జీవితచరిత్రతో, అంటే యాభై ఏళ్ళ తర్వాత. ఆ రోజు సభ చూసిన ఒక ఫ్రెంచి ప్రయాణికుడి డైరీ 1921లో అచ్చయింది, అందులో స్పీకర్ ఇది ద్రోహం అనగానే హెన్రీ క్షమించమన్నాడని, ఇంగ్లండ్ రాజుకి ఆఖరి రక్తపు బొట్టు వరకూ విధేయుణ్ణే అన్నాడని ఉంది. మాటే అతుకుల బొంత అయినప్పుడు గోడల మీద కోపం దేనికి.

పాతచింతకాయ:
క్షమించమన్నా స్టాంప్ పన్నుకి ఎదురుగా తీర్మానాలైతే పెట్టాడుగా. 116 మంది సభ్యుల్లో ఆ టైమ్‌కి మిగిలింది ముప్ఫై తొమ్మిది మంది, మిగతావాళ్ళు సెషన్ అయిపోవచ్చిందని ఊళ్ళకి పోయారు, ఐదో తీర్మానం 20-19తో గట్టెక్కింది. అప్పటికి స్టూడెంట్‌గా ఉన్న జెఫర్సన్ (తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయినాయన) గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. బయటికొస్తూ, ఆ తీర్మానాలకి వ్యతిరేకంగా ఉన్న పేటన్ రాండాల్ఫ్, ఒక్క ఓటు కోసం ఐదొందల గినీలు ఇచ్చేవాణ్ణి అని తిట్టుకున్నాడని జెఫర్సనే తర్వాత చెప్పాడు. మర్నాడు హెన్రీ వెళ్ళిపోగానే ఆ ఐదోదాన్ని కొట్టేశారు, అది వేరే సంగతి. నాకైతే ఆ గుమ్మం కావాలి, కొత్తదైనా సరే.

కందిపొడి:
గోదారిగాలి అక్కా ఒకటి చెప్పనా, అదే ఫ్రెంచి డైరీలో ఇంకో లైన్ ఉంది. ఊళ్ళోకి వస్తూ దారిలో ముగ్గురు నల్లవాళ్ళు ఉరికొయ్యకి వేలాడ్డం చూశాడు, దొంగతనం కేసు. అటునుంచి వచ్చి ఈ స్వేచ్ఛ డిబేట్ విన్నాడు. 1776 మే 15న వర్జీనియా ప్రతినిధులు ఇంగ్లండ్‌తో తెగతెంపులు చేసుకోవాలని తీర్మానించిందీ ఆ రెండో కాపిటల్‌లోనే, నెల తిరక్కుండా జూన్ 12న హక్కుల ప్రకటన కూడా. అందులో మనుషులందరూ పుట్టుకతో స్వతంత్రులు అని జార్జ్ మేసన్ రాస్తే బానిసల యజమానులకి కంగారు పుట్టి "సమాజంలో చేరినప్పుడు" అని ఒక ముక్క ఇరికించారు, బానిసలు సమాజంలో లేరు కాబట్టి వాళ్ళకి వర్తించదని! రెండు శతాబ్దాల కింద కాలిన కట్టడం ఎవరిదని కొట్టుకుంటున్నాం గానీ నాకు చూడాలనున్నది ఆ ముక్క ఇరికించిన గది.

రిచ్‌మండ్_రాజు:
ఇది తెలీదు. మావయ్యకి చదివి వినిపిస్తే ఐదు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత "పిల్లలకి ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పా, ఈ ముక్క చెప్పలేదు" అన్నాడు. అయినా బిల్డింగ్ మీద నా మాట మార్చను.

తాపీమేస్త్రి:
అసలు బిల్డింగే కావాలంటే మీ ఊళ్ళోనే సెయింట్ జాన్స్ చర్చి ఉంది కదా రాజూ. 1741ది, ఇంకా నిలబడే ఉంది. 1775 మార్చి 23న హెన్రీ స్వేచ్ఛో చావో అన్నది అందులోనే. కాకపోతే ఆ స్పీచ్ కూడా మనకి దొరికింది వర్ట్ పుస్తకం నుంచే.

రిచ్‌మండ్_రాజు:
ఆదివారం తీసుకెళ్తున్నా. ఆ చివరి లైన్ మావయ్యకి ఎవరూ చెప్పకండి.