నలభై దాటాక మళ్లీ లెక్కల్లోకి: ముందు పుస్తకమా, లోలకమా?

పటమట: ఇంటర్ ఎంపీసీతో లెక్కలు వదిలేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాలంటే తెలుగు అకాడమీ పాత 1బీ లెక్కల పుస్తకం పట్టాలా, ఇంట్లో ప్రయోగాలు చేయాలా?

అరండల్‌పేట: 1బీ పట్టండి. రోజుకు ఐదు లెక్కలు చాలు, కానీ ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాకే జవాబు చూడాలి. అవకలనాలకు (డిఫరెన్షియేషన్) ఉరక్కండి, ముందు అవధులు (లిమిట్స్). ఎక్స్ సున్నాకు చేరుతుంటే సైన్ ఎక్స్ బై ఎక్స్ 1 అవుతుందని బట్టీపట్టినవాళ్లే అందరూ. క్యాలిక్యులేటర్‌లో 0.1 వేసి చూడండి: రేడియన్లలో 0.998, డిగ్రీల్లో 0.01745. కోణాన్ని రేడియన్లలో ఎందుకు కొలుస్తామో అప్పుడు తెలుస్తుంది.

గవర్నర్‌పేట: నేను ఒప్పుకోను. కోచింగ్‌లో ఆ లెక్కలే విసుగు పుట్టించాయి, మళ్లీ అవేనా? ఒక బరువైన నట్టు, కుట్టుదారం, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకుని లోలకం కట్టండి, దాని ఊపుల కాలంతో గురుత్వ త్వరణం జీని కొలవండి. పురికొస వద్దు, మెలి విప్పుకుంటూ నట్టును తిప్పేస్తుంది. ముడి నుంచి నట్టు మధ్యకు సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండాలి. దారం పొడవు మాత్రమే కొలిస్తే తప్పిన ప్రతి సెంటీమీటరుకూ జీ విలువ ఒక శాతం తగ్గుతుంది. 20 ఊపులకు (వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు) మన దగ్గర దాదాపు 40.2 సెకన్లు పడుతుంది.

ఒక్క ఊపుకే ఎందుకు కొలవకూడదు? బటన్ నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తుంది. రెండు సెకన్లలో అది పది శాతం. జీ సూత్రంలో (4π² × పొడవు ÷ ఊపు కాలం వర్గం) కాలం వర్గమై ఉంది కాబట్టి జీలో తప్పు సుమారు 20 శాతానికి పోతుంది. 20 ఊపులకైతే అదే తడబాటుతో జీలో తప్పు ఒక్క శాతమే.

అరండల్‌పేట: ప్రయోగం బాగుందండీ. కానీ వర్గం చేస్తే తప్పు రెట్టింపవుతుందని చెప్పింది అవకలనమే కదా! పైగా ఎంత దూరం లాగి వదలాలో మీరు చెప్పలేదు. 30 డిగ్రీల నుంచి వదిలితే ఊపు 1.7 శాతం ఆలస్యమవుతుంది, జీ 3.4 శాతం తక్కువొస్తుంది. చిన్న కోణాల్లో సైన్ ఎక్స్, ఎక్స్ దాదాపు ఒకటేనన్న అవధి మీదే ఆ సూత్రం నిలబడింది.

గవర్నర్‌పేట: నిజమే, 5 డిగ్రీలు దాటొద్దు. అయితే ఆ అవధి ఎందుకు కావాలో 30 డిగ్రీలకు లాగి తప్పు చూసినవాళ్లకే తెలుస్తుంది గారూ. నా మాట అదే.

బ్రాడీపేట: స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేని పని ఒకటుంది. సూర్యుడు దాదాపు భూమధ్యరేఖకు నేరుగా పైన ఉండే సెప్టెంబరు 23న, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, మేడ మీద మీటరు కర్ర నిలబెట్టండి. విజయవాడలో నీడ 29.6 సెంటీమీటర్లు. దాన్ని 100తో భాగించి టాన్ విలోమం తీస్తే 16.5 డిగ్రీలు, అదే ఊరి అక్షాంశం. కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకోడానికి పక్కనే తూకపు గుండు వేలాడదీయండి. ఉత్తరానికి ఒక్క డిగ్రీ ఒరిగినా లెక్కలో ఊరు సుమారు నూరు కిలోమీటర్లు జరిగిపోతుంది.